స్టాప్‌వాచ్‌తో గురుగ్రహాన్ని తూచడం: ఒక బాలికల గురుకులం నుంచి కేస్ స్టడీ

గురుగ్రహం చుట్టూ తిరిగే నాలుగు పెద్ద చంద్రుల్లో అన్నిటికన్నా లోపల ఉన్నది అయో. గురుడి కేంద్రం నుంచి దాని దూరం సుమారు 4,21,700 కి.మీ. మన చంద్రుడు మనకు 3,84,400 కి.మీ. దూరంలో ఉన్నాడు. రెండు దూరాల మధ్య పెద్ద తేడా లేదు. కానీ మన చంద్రుడు భూమిని ఒకసారి చుట్టి రావడానికి 27.3 రోజులు తీసుకుంటే, అయో 42న్నర గంటల్లో గురుణ్ణి చుట్టేస్తుంది. ఎందుకు?

తొమ్మిదో తరగతిలో గురుత్వాకర్షణ పాఠం పూర్తయ్యాక ఈ ప్రశ్న బోర్డు మీద రాశాను. అయో చిన్నది కాబట్టి తేలిగ్గా తిరుగుతుందని కొందరన్నారు. నిజానికి అది మన చంద్రుడి కంటే కాస్త పెద్దది, బరువు కూడా ఎక్కువే. గురుడు పది గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతాడు కదా, ఆ ఊపుకి అయో కూడా తిరుగుతుందని ఇంకొందరు చెప్పారు. అక్కడ గాలి అడ్డం లేదు కాబట్టి అని ఒకరు. "గురుడు ఎక్కువ బరువు, అందుకే గట్టిగా లాగుతున్నాడు" అన్న జవాబు మాత్రం ఒక్కరి నుంచీ రాలేదు. ఈ పిల్లలంతా ఆకర్షణ నియమాన్ని తప్పు లేకుండా రాయగలవాళ్లు. సూత్రంలో విలువలు వేసి లెక్క చేయగలవాళ్లు. ఆ సూత్రానికీ ఆకాశంలో తిరిగే వస్తువుకీ సంబంధం ఉందన్న సంగతి మాత్రం వాళ్ల మనసులోకి వెళ్లలేదు.

ఈ కేస్ స్టడీ అక్కడ మొదలైంది. పిల్లల చేతే గురుడి చంద్రులను కొలిపించి, దాని నుంచి గురుడు ఎన్ని భూముల బరువు ఉంటాడో వాళ్లనే లెక్క కట్టమనడం నా ఉద్దేశం. (తూచడం, బరువు అని ఇక్కడ వాడుతున్నది ద్రవ్యరాశి గురించే. పిల్లలతో కూడా మొదటిరోజే ఈ మాట అనుకున్నాం.)

ఎక్కడ, ఎప్పుడు, దేనితో

మాది రాయలసీమలో ఒక బాలికల గురుకుల పాఠశాల. నేను అక్కడ భౌతికశాస్త్రం చెప్తాను. హాస్టల్ బడి కావడం వల్ల ఈ పనికి చాలా వీలు కుదిరింది. రాత్రి చదువు అయ్యాక పిల్లలు మేడ మీదకి వస్తే చాలు, ఎవరినీ ఇంటి నుంచి పిలవక్కర్లేదు. పట్టణానికి దూరం కాబట్టి ఆకాశం కూడా నల్లగా ఉంటుంది, అయితే గురుడి కోసం అంత చీకటి అవసరం లేదు.

కాలం 2024 డిసెంబర్. ఆ నెల 7న గురుడు సూర్యుడికి సరిగ్గా ఎదురుగా (భూమికి ఒక వైపు సూర్యుడు, రెండో వైపు గురుడు) వచ్చాడు, భూమికి సుమారు 61.2 కోట్ల కి.మీ. దూరంలో. వృషభరాశిలో, రోహిణి నక్షత్రానికి దగ్గర్లో, ఆకాశంలో ఆ చోట మరే చుక్కకూ లేనంత వెలుగుతో కనిపించేవాడు. పొద్దు గూకేసరికి తూర్పున లేచి, తొమ్మిదయ్యేసరికి బాగా పైకి వచ్చేవాడు. బడి వేళలకు ఇంతకంటే అనువైన గ్రహం దొరకదు.

టెలిస్కోప్ 6 అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్, అంటే చేత్తో తిప్పుకునే సాదా రకం. దానికి మోటారు లేదు. గ్రహాన్ని చూపులోకి తెచ్చాక చేయి తీస్తే అది మెల్లగా పక్కకి జారిపోతుంది. చూడటానికి వచ్చేవాళ్లకి ఇది విసుగు. కొలవడానికి మాత్రం ఇదే మా ముఖ్యమైన సాధనం అయింది. జారుతున్నది గ్రహం కాదు, తిరుగుతున్నది భూమి. భూమి ఎంత వేగంగా తిరుగుతుందో మనకు కచ్చితంగా తెలుసు. ఖగోళ మధ్యరేఖ (భూమధ్యరేఖకి నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీత) మీద ఉన్న చుక్క సెకనుకి 15 ఆర్క్ సెకన్ల చొప్పున జారుతుంది (ఒక డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). గురుడు అప్పుడు ఆ రేఖకి 22 డిగ్రీలు ఉత్తరంగా ఉన్నాడు కాబట్టి అతని జారుడు కాస్త తక్కువ, సెకనుకి 13.9 ఆర్క్ సెకన్లు.

కాబట్టి ఒక చంద్రుడు ఒక గీతను దాటిన క్షణానికీ, గురుడు అదే గీతను దాటిన క్షణానికీ మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో కొలిస్తే, ఆకాశంలో వాళ్లిద్దరి మధ్య ఎడం తెలిసిపోతుంది. కెమెరా, కంప్యూటర్ అక్కర్లేదు. తీగను దాటే క్షణాన్ని గడియారంతో పట్టడం పాతకాలం వేధశాలల్లో రోజువారీ పని. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు గారు 1840లో సొంతంగా వేధశాల పెట్టుకున్న రోజుల్లో నక్షత్రాల స్థానాలు ఇలాగే కొలిచేవారు. ఈ పద్ధతి బడుల్లోకి తిరిగి రావాలని నా గట్టి కోరిక, ఎందుకంటే ఇందులో పిల్లలకి కనిపించకుండా జరిగే పని ఏదీ లేదు.

గీత కోసం కరెంటు వైరు లోపలి రాగి పోగులు రెండు తీసుకుని, 25 మి.మీ. ఐపీస్ (టెలిస్కోప్‌లో కన్ను పెట్టి చూసే కటకం) లోపలి వలయం మీద అడ్డంగా, నిలువుగా జిగురుతో అంటించాం. ఐపీస్‌ను మెల్లగా తిప్పుతూ గురుడు ఒక పోగు వెంబడే జారేలా సరిచేస్తే, రెండో పోగు దానికి సరిగ్గా లంబంగా నిలుస్తుంది. చంద్రుడు ఆ రెండో పోగు వెనక్కి వెళ్లి ఒక క్షణం ఆరిపోయినట్టు కనిపిస్తాడు. అప్పుడు స్టాప్‌వాచ్ నొక్కాలి. ముందు చంద్రుడు దాటితే అతను గురుడికి పడమర వైపు ఉన్నట్టు, తర్వాత దాటితే తూర్పు వైపు. టెలిస్కోప్‌లో బొమ్మ తలకిందులుగా కనిపిస్తుందన్న తికమక దీనితో పోయింది.

ఏ చుక్క ఎవరు

మొదటి నాలుగైదు రాత్రులు కొలతలేవీ తీసుకోలేదు. చూసింది గీయమన్నాను, అంతే. ఫోన్ యాప్‌లో చంద్రుల పేర్లు చూపించడానికి ఒప్పుకోలేదు. 1610 జనవరి 7న గెలీలియో మొదటిసారి చూసినప్పుడు గురుడి పక్కన మూడు చుక్కలే కనిపించాయి. నాలుగోది కొన్ని రోజులకు దొరికింది. అవి నక్షత్రాలు కావనీ, గురుడి చుట్టూ తిరుగుతున్నాయనీ అతను తేల్చుకున్నది రోజూ గీసిన బొమ్మల నుంచే. పిల్లలకి ఆ అవకాశం లేకుండా చేయడం నాకు ఇష్టం లేదు.

అయో వాళ్లని బాగా ఇబ్బంది పెట్టింది. రోజూ ఒకే సమయానికి చూస్తే అయో 24 గంటల్లో ఒక చుట్టు సగానికి పైగా, అంటే 203 డిగ్రీలు తిరిగి ఉంటుంది. అందుకే ఇవాళ తూర్పున ఉంటే రేపు దాదాపు పడమరే. "ఇవి రెండు వేరే వేరే చంద్రులేమో మేడం" అని ఒక అమ్మాయి వాదించింది, ఆ వాదన సమంజసమైనదే. ఆ రాత్రి తొమ్మిదికి ఒకసారి, వార్డెన్ అనుమతితో పదకొండున్నరకి ఇంకోసారి చూపించాను. రెండున్నర గంటల్లో లోపలి చుక్క కళ్లెదుటే జరిగింది. మేడ మీద అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. పాఠంలో "ఉపగ్రహాలు గ్రహం చుట్టూ తిరుగుతాయి" అన్న వాక్యం అప్పటిదాకా చదివిందే, ఇప్పుడు అది వాళ్లు చూసిన సంగతి అయింది.

కాబట్టి ఎవరైనా ఈ పని చేయాలనుకుంటే నాలుగు పెద్ద చంద్రుల్లో అన్నిటికన్నా బయట ఉన్న కాలిస్టోతో మొదలుపెట్టండి. అది రోజుకి 21.6 డిగ్రీలే కదులుతుంది, అందరికన్నా దూరం పోతుంది, గుర్తుపట్టడం తేలిక. తర్వాత దానికి లోపల ఉండి రోజుకి 50 డిగ్రీలు కదిలే గానిమీడ్. మిగిలిన రెండిటినీ, యూరోపాను, అయోను, ఆఖరికి పెట్టుకోవచ్చు. మేం కొలతలకి కాలిస్టో, గానిమీడ్ రెండింటినే తీసుకున్నాం.

కొలతలు

లెక్క ప్రకారం, 61.2 కోట్ల కి.మీ. దూరం నుంచి చూసినప్పుడు గానిమీడ్ గురుడి నుంచి అత్యధికంగా 6 ఆర్క్ నిమిషాలు (360 ఆర్క్ సెకన్లు) ఎడంగా పోవాలి, అంటే తీగ మీద 26 సెకన్లు. కాలిస్టో 45 సెకన్ల పైచిలుకు. ఈ అంకెలు నేను పిల్లలకి ముందుగా చెప్పలేదు. జవాబు తెలిస్తే చేయి జవాబు వైపే నొక్కుతుంది.

ఒక అమ్మాయి కన్ను ఐపీస్ దగ్గర పెట్టి, తానే స్టాప్‌వాచ్ పట్టుకోవాలని నియమం పెట్టుకున్నాం. మొదటి నొక్కుడులో జరిగిన ఆలస్యమే రెండో నొక్కుడులోనూ జరుగుతుంది కాబట్టి తీసివేతలో చాలావరకు పోతుంది. ఒకరు చూసి అరిస్తే ఇంకొకరు నొక్కే పద్ధతిలో ఈ లాభం ఉండదు. చంద్రుడు చుక్కలా ఉంటాడు, గురుడు బిళ్లలా ఉంటాడు. బిళ్ల అంచు తీగను తాకిన క్షణం, రెండో అంచు దాటిన క్షణం రెండూ రాసుకుని వాటి మధ్య విలువ తీసుకున్నాం.

ఇక్కడ ఒక ప్రలోభం ఉంది, టీచర్లు జాగ్రత్తగా ఉండాలి. గురుడి బిళ్ల తీగను దాటడానికి మూడున్నర సెకన్లు పడుతుంది. గురుడి వ్యాసం 1,43,000 కి.మీ. అని పుస్తకంలో ఉంది. కాబట్టి గానిమీడ్ దూరం ఎన్ని బిళ్లలో లెక్కపెట్టి గుణిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. చూడటానికి సులువే. కానీ మూడున్నర సెకన్లలో చేయి 0.3 సెకను తడబడితే నూటికి 8 పైగా తప్పు. బరువు లెక్కలో దూరం ఘనం అవుతుంది కాబట్టి ఆ 8 కాస్తా 25 దాకా పెరుగుతుంది. అదే 26 సెకన్లలో 0.3 సెకను తప్పితే నూటికి ఒకటే. అందుకే బిళ్లను కొలబద్దగా తీసుకోకుండా, భూమి తిరిగే వేగాన్నీ గురుడి దూరాన్నీ తీసుకున్నాం.

ఆ దూరం ఎలా? గురుడు సూర్యుణ్ణి చుట్టడానికి 11.86 ఏళ్లు పడుతుంది. కెప్లర్ 1619లో ప్రకటించిన మూడో నియమం ప్రకారం కాలం వర్గం, దూరం ఘనంతో పాటు పెరుగుతుంది. 11.86 వర్గం 140.7, దాని ఘనమూలం 5.2. అంటే గురుడు సూర్యుడికి భూమి కంటే 5.2 రెట్లు దూరం. ఎదురుగా వచ్చినప్పుడు మనకు 4.2 రెట్లు. పిల్లలు ఈ విలువతోనే మొదట లెక్క చేశారు. కానీ అది సగటు దూరం. గురుడి కక్ష్య దీర్ఘవృత్తం. 2024 డిసెంబర్ నాటికి అతను సగటు కంటే కాస్త దగ్గర్లో ఉన్నాడు, నిజమైన దూరం 4.09 రెట్లు. ఈ చిన్న తేడాకే గురుడి బరువుగా వచ్చే చివరి జవాబు 315 భూముల బదులు 340 దాకా పోతుంది. రెండు జవాబులూ పక్కపక్కన పెట్టినప్పుడు దీర్ఘవృత్తం అన్న మాటకి పిల్లలకి మొదటిసారి ఒక అంకె దొరికింది.

నవంబర్ ఆఖర్లో ఫెంగల్ తుఫాను, ఆ తర్వాత వచ్చిన అల్పపీడనాల వల్ల చాలా రాత్రులు మబ్బుల్లోనే పోయాయి. కాలిస్టో విషయంలో దీని దెబ్బ గట్టిగా తగిలింది. అది అత్యధిక దూరం చేరిన రోజు తప్పిపోయి ఒకరోజు ముందో వెనకో చూస్తే, ఎడం నూటికి 7 తక్కువ కనిపిస్తుంది. బరువు నూటికి 20 తగ్గిపోతుంది. గానిమీడ్‌కి కూడా సరిగ్గా మనం చూసే వేళకే గరిష్ఠ దూరం వస్తుందన్న హామీ లేదు. కాబట్టి చూసిన వాటిలో పెద్ద విలువను తీసుకోవడం సరైన పద్ధతి కాదు. అన్ని రాత్రుల విలువలకూ సరిపోయే వృత్తాన్ని వెతకాలి.

తొమ్మిదో తరగతికి త్రికోణమితి రాదు. వృత్తలేఖిని, కోణమానిని వచ్చు. గ్రాఫ్ కాగితం మీద ఒక వృత్తం గీసి, గానిమీడ్‌ను రోజుకి 50 డిగ్రీల చొప్పున దాని మీద జరిపి, ప్రతి బిందువు నుంచి అడ్డగీత మీదకి లంబం దించమన్నాను. ఆ లంబం పడిన చోటే మనకి పక్క నుంచి కనిపించే స్థానం. వృత్తం వ్యాసార్థాన్నీ, రోజువారీ కోణాన్నీ కొంచెం కొంచెం మారుస్తూ, తాము రాసుకున్న సెకన్లకి దగ్గరగా వచ్చేదాకా పని చేశారు. దీనికి చాలా సమయం పట్టింది, నా లెక్కలో మొత్తం ప్రయోగంలో బాగా విలువైన సమయం ఇదే. పక్క నుంచి చూస్తే అటూ ఇటూ ఊగుతున్నట్టు కనిపించేది నిజానికి గుండ్రంగా తిరుగుతోందని చేతులతో కనుక్కున్నారు.

బరువు

కిలోల్లోకి వెళ్లకుండా, భూమితో పోల్చడమే మేలు. మన చంద్రుడి దూరం, కాలం మనకు తెలుసు. గురుడి చంద్రుడి దూరం మన చంద్రుడి దూరానికి ఎన్ని రెట్లో చూసి దాన్ని ఘనం చేయాలి. మన చంద్రుడి కాలం ఆ చంద్రుడి కాలానికి ఎన్ని రెట్లో చూసి దాన్ని వర్గం చేయాలి. రెండింటినీ గుణిస్తే గురుడు ఎన్ని భూములో వస్తుంది.

పుస్తకాల్లోని కచ్చితమైన విలువలతో ఎలా వస్తుందో ముందు చెప్తాను. గానిమీడ్ దూరం 10,70,400 కి.మీ., కాలం 7.155 రోజులు. దూరం 2.785 రెట్లు, ఘనం 21.6. కాలం 3.818 రెట్లు, వర్గం 14.58. గుణిస్తే 315. కాలిస్టో దూరం 18,82,700 కి.మీ., కాలం 16.689 రోజులు. ఘనం 117.5, వర్గం 2.68. గుణిస్తే మళ్లీ 315. అయోతో చేసినా 315.

గురుడి అసలు విలువ 318 భూములు. ఆ చిన్న తేడాకి ప్రధాన కారణం మన చంద్రుడే. కెప్లర్ నియమంలో వచ్చేది నిజానికి రెండు వస్తువుల మొత్తం బరువు. చంద్రుడు భూమిలో 81వ వంతు ఉన్నాడు కాబట్టి ఇక్కడ మనం పోల్చింది ఒక్క భూమితో కాదు, భూమి చంద్రుడు కలిసిన బరువుతో. అది సరిచేస్తే 318 దాటి కాస్త ముందుకి వస్తుంది.

పిల్లల సొంత కొలతల్లో గానిమీడ్ నుంచి వచ్చిన జవాబు మూడు వందలకి అటూ ఇటూగా తేలింది. కాలిస్టోది దానికంటే కొంచెం ఎక్కువ. అంకె ఎంత దగ్గరగా వచ్చిందన్న దానికన్నా నాకు ముఖ్యమనిపించింది, రెండు వేరువేరు చంద్రుల నుంచి దాదాపు ఒకే జవాబు రావడం. "కాలిస్టో బరువెంతో మనం ఎక్కడా వేయలేదు కదా మేడం, మరి ఎట్ల వచ్చింది?" అని లెక్క చేసిన అమ్మాయే అడిగింది. తరగతిలో సూత్రం చెప్పినప్పుడు రెండు వస్తువుల ద్రవ్యరాశులూ రాశాం. ఇక్కడ ఒకటి మాయమైంది. పుస్తకం తీసి, చంద్రుణ్ణి లాగే బలంలోనూ, ఆ చంద్రుడు వంగడానికి కావలసిన బలంలోనూ చంద్రుడి ద్రవ్యరాశి ఉందనీ, రెండు వైపులా కొట్టేయచ్చనీ వాళ్లే చూశారు. తిరిగేది రాయి అయినా, గానిమీడ్ అయినా, అంతరిక్ష నౌక అయినా, ఆ దూరంలో చుట్టు తిరిగే కాలం ఒకటే. మధ్యలో ఉన్నవాడి బరువే దాన్ని నిర్ణయిస్తుంది. కక్ష్య అంటే మధ్యలో ఉన్నదాన్ని తూచే తక్కెడ. నేను ఈ పని మొత్తం తలపెట్టింది ఈ ఒక్క సంగతి పిల్లలకి అందాలనే.

న్యూటన్ 1687లో తన సిద్ధాంతాన్ని ప్రచురించినప్పుడు గురుడి చంద్రులు కెప్లర్ నియమాన్ని పాటిస్తున్నాయన్న కొలతలనే ఆధారాల్లో ముందు పెట్టాడు. మూడో కూర్పులో గురుడి బరువు సూర్యుడిలో 1067వ వంతని లెక్కగట్టాడు. నేటి విలువ 1047వ వంతు. కిలోల్లో మాత్రం అతను చెప్పలేడు. దానికి 1798లో కావెండిష్ సీసం గుండ్ల మధ్య ఆకర్షణను కొలిచే ప్రయోగం చేసేదాకా ఆగాల్సి వచ్చింది.

అయో ప్రశ్న మళ్లీ తీసుకున్నప్పుడు పిల్లలు దాన్ని పడిపోవడంలోకి మార్చారు. మన చంద్రుడు తిన్నగా పోకుండా సెకనుకి 1.36 మి.మీ. చొప్పున భూమి వైపు వంగుతాడని అంతకు ముందే లెక్క చేశాం. అయోకి అదే లెక్క వేస్తే సెకనుకి 36 సెం.మీ. గురుడి వైపు పడుతుంది. అంత పడుతున్నా గురుడి మీద కూలకుండా ఉండాలంటే అంత వేగంగా పక్కకి పోవాలి, సెకనుకి 17 కి.మీ. మన చంద్రుడి వేగం సెకనుకి ఒక కి.మీ. మాత్రమే. "అంతరిక్షంలో ఆకర్షణ ఉండదు" అని మొదట్లో రాసిన పిల్లలే ఈ అంకెలను బోర్డు మీద పక్కపక్కన రాశారు.

ఇంకో లాభం ఎదురుచూడకుండా వచ్చింది. గురుడి పరిమాణంలో 1,300 భూములు పడతాయి, బరువు మాత్రం 318 భూములే. అంటే అందులో ఉన్నది మన రాయీ ఇనుమూ కావు, చాలా తేలికైనదేదో. హైడ్రోజన్, హీలియం అని నేను చెప్పకముందే "గాలి లాంటిది అయ్యుండాలి" అన్నారు.

ఇది చేయాలనుకునే టీచర్లకి

గురుడు సూర్యుడికి ఎదురుగా వచ్చిన రోజుకి రెండు వారాలు అటూ ఇటూ ఉండేలా కొలతలు పెట్టుకోండి. ఇంకా దూరం పోతే భూమి నుంచి గురుడి దూరం మారిపోతుంది, ప్రతి రాత్రికీ వేరే దూరం వాడాల్సి వస్తుంది. చంద్రుల వరస తూర్పు పడమరలకి కొంచెం ఏటవాలుగా ఉంటుంది. ఆ డిసెంబర్‌లో ఏటవాలు తక్కువే కాబట్టి వదిలేశాం. వేరే ఏడాది గురుడు వేరే రాశిలో ఉంటే ఆ వాలు ఎక్కువ కావచ్చు, అప్పుడు అడ్డతీగ వెంబడి కూడా కొలవాలి. ఐపీస్ వలయం ఆకాశం వైపు తెరిచి ఉన్న రకం తీసుకోండి. లోపల మూసి ఉంటే తీగ అంటించడం కుదరదు.

మొత్తం అయ్యాక ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న: "చంద్రుడే లేని శుక్రుణ్ణి ఎట్ల తూస్తారు?" శుక్రుడికీ బుధుడికీ చంద్రులు లేరు. పక్క గ్రహాల దారులను అవి ఎంత కొద్దిగా పక్కకి లాగుతున్నాయో చూసి శతాబ్దాల పాటు అంచనాలు వేశారు. 1962 డిసెంబర్ 14న మారినర్ 2 అనే అమెరికా అంతరిక్ష నౌక శుక్రుడి పక్క నుంచి పోతున్నప్పుడు దాని దారి ఎంత వంగిందో రేడియోతో కొలిచి మెరుగైన విలువ తీశారు. 1974లో మారినర్ 10 బుధుడికి అదే చేసింది. చంద్రుడు లేని చోటికి మనమే ఒకదాన్ని పంపామన్నమాట.

తర్వాతి బ్యాచ్‌కి నేను శని అనుకుంటున్నాను. దాని పెద్ద చంద్రుడు టైటాన్ దూరం 12,21,900 కి.మీ., కాలం 15.945 రోజులు. పై పద్ధతిలో లెక్క చేస్తే 94 భూములు వస్తుంది, అసలు విలువ 95. శని ఎదురుగా వచ్చినప్పుడు టైటాన్ తీగ మీద 13 సెకన్లకి మించి ఎడం కాదు, పైగా మసక చుక్క. 6 అంగుళాల అద్దంలో కనిపిస్తుంది, కానీ రాగి పోగు వెనక ఆరిపోయే క్షణాన్ని పట్టడం కష్టం. 0.3 సెకను తడబాటు ఇక్కడ బరువులో నూటికి 7 తప్పు అవుతుంది కాబట్టి ఒక్కో రాత్రి చాలాసార్లు కొలిచి సగటు తీయాలి.